ల్యాబ్‌లో కొన్నిటికి 192.168.0, ఒక వరుసకు 169.254: ఎక్కడి నుండి వెతకాలి?

దేవరకొండ_ల్యాబ్:

మిత్రులకు నమస్కారం. దేవరకొండలోని ఒక కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత చూస్తున్నాను. మా ల్యాబ్‌లో 40 కంప్యూటర్లు ఉన్నాయి. రూటరు చిరునామా 192.168.1.1. కంప్యూటర్లన్నిటికీ ఆ రూటరే చిరునామాలు ఇచ్చేటట్లు మొదటి నుండీ ఏర్పాటు ఉన్నది. దసరా సెలవుల తరువాత ల్యాబ్ తెరిచినప్పటి నుండి పరిస్థితి మారిపోయింది. కొన్ని కంప్యూటర్లు 192.168.1తో మొదలయ్యే చిరునామాతో ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. కొన్నిటికి 192.168.0తో మొదలయ్యే చిరునామా వస్తున్నది. వాటిలో ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు. చివరి వరుసలోని కంప్యూటర్లన్నిటికీ 169.254తో మొదలయ్యే చిరునామాలు వచ్చాయి. వింత ఏమిటంటే, ఆ వరుసలోని కంప్యూటర్లు తమలో తాము ఫైళ్లు పంచుకోగలుగుతున్నాయి గాని, మిగతా ల్యాబ్‌తో ఏ సంబంధమూ లేదు. నిన్న పనిచేసిన కంప్యూటరు ఈరోజు పనిచేయకపోవడం, ఈరోజు పనిచేయనిది రేపు దానంతట అదే బాగుపడడం కూడా చూస్తున్నాను.

రూటరును రీసెట్ చేయమని అందరూ సలహా ఇస్తున్నారు. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడ్డాయి కనుక, కారణం తెలుసుకోకుండా ఆ పని చేయడం నాకు ఇష్టం లేదు. ఎక్కడి నుండి మొదలుపెట్టమంటారు?

వనపర్తి_గణితం:

40 కంప్యూటర్లే కదా. ఒక్కొక్కదానికి చేత్తో చిరునామా వ్రాసి పెట్టండి. 192.168.1.11 నుండి 192.168.1.50 వరకు వరుసగా ఇస్తే ఒక మధ్యాహ్నంలో పని పూర్తవుతుంది, పరీక్షలు గడిచిపోతాయి.

పాలమూరు_రూటర్:

వనపర్తి గారి సలహాతో ఇంటర్నెట్ రావచ్చును గాని, లోపం అక్కడే ఉండిపోతుంది. పైగా రూటరు పంచిపెట్టే చిరునామాల్లోనే చేత్తో వ్రాసినవి కూడా ఉంటే, ఒకే చిరునామా ఇద్దరికి పడి కొత్త చిక్కు మొదలవుతుంది. చివరి వరుసకు ఆ సలహా అసలే పనికిరాదు.

దేవరకొండ గారు ఇచ్చిన వివరాలలోనే సగం జవాబు ఉన్నది. కంప్యూటరుకు చిరునామా ఎలా వస్తుందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. ఈ పని చేసే ప్రొటోకాల్ డీహెచ్‌సీపీ. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని నిర్వచనం 1997 నాటిది. కంప్యూటరును ఆన్ చేసినప్పుడు దానికి తన చిరునామా తెలియదు, ఇచ్చేవారు ఎవరో కూడా తెలియదు. అందువల్ల తన చిరునామా స్థానంలో 0.0.0.0 అని, పంపవలసిన చిరునామా స్థానంలో 255.255.255.255 అని పెట్టి, ఆ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ వినబడేటట్లు ఒక విన్నపం పంపుతుంది. దీనిని డిస్కవర్ అంటారు. అది యూడీపీ అనే తేలికైన పంపిణీ పద్ధతి మీద 67వ పోర్టుకు (ఏ ప్రోగ్రాముకు చేరాలో చెప్పే సంఖ్య) వెళ్తుంది, జవాబు 68వ పోర్టుకు వస్తుంది. విన్న సర్వరు ఒక చిరునామాను చూపుతూ ఆఫర్ పంపుతుంది. కంప్యూటరు ఆ ఆఫర్‌ను స్వీకరిస్తున్నానని రిక్వెస్ట్ పంపుతుంది. సాధారణంగా ఇది కూడా అందరికీ వినబడేటట్లే వెళ్తుంది, ఎందుకంటే వేరొక సర్వరు కూడా ఆఫర్ ఇచ్చి ఉంటే, తన ఆఫర్ తీసుకోబడలేదని దానికి తెలియాలి. చివరకు సర్వరు అక్నాలెడ్జ్ పంపడంతో ఒప్పందం పూర్తవుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఒకే నెట్‌వర్క్‌లో ఒకటికంటే ఎక్కువ సర్వర్లు ఆఫర్ ఇవ్వవచ్చునని ప్రొటోకాలే ఒప్పుకుంటుంది. వాటిలో అసలైనది ఏది, పొరపాటున తగిలించినది ఏది అని పోల్చుకునే ఏర్పాటు సాధారణంగా కంప్యూటరు దగ్గర ఉండదు. చాలా సందర్భాలలో ముందు అందిన ఆఫర్‌నే అది తీసుకుంటుంది. మీ ల్యాబ్‌లో 192.168.0తో చిరునామాలు వస్తున్నాయంటే, మీ రూటరు కాక మరొక పరికరం ఎక్కడో కూర్చుని చిరునామాలు పంచుతున్నదని అర్థం. ఏ జవాబు ముందు చేరితే కంప్యూటరు ఆ వైపు పోతున్నది.

నిన్నటికీ ఈరోజుకూ తేడా ఎందుకంటే, చిరునామా శాశ్వతంగా రాదు, గడువుతో వస్తుంది. గడువులో సగం గడిచినప్పుడు కంప్యూటరు తనకు చిరునామా ఇచ్చిన సర్వరునే నేరుగా అడిగి పొడిగించుకుంటుంది. అక్కడ జవాబు రాకపోతే గడువులో 87.5 శాతం గడిచిన తరువాత అందరినీ అడుగుతుంది. మీ రూటరులో గడువు ఎంత పెట్టి ఉందో చూడండి. ఆదివారమంతా ఆపి ఉంచిన కంప్యూటరుకు గడువు తీరిపోయి ఉంటే, సోమవారం ఉదయం అది మొదటి నుండి అడుగుతుంది, అప్పుడు మళ్లీ ఇద్దరిలో ఎవరు ముందు పలికితే వారిదే.

కనుక పనిచేయని కంప్యూటరులో ఐపీకాన్ఫిగ్ ఆదేశాన్ని పూర్తి వివరాలు చూపేటట్లు నడపండి. అందులో డీహెచ్‌సీపీ సర్వర్ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ 192.168.1.1 కాక వేరొక చిరునామా కనిపిస్తే, మనం వెతకవలసిన పరికరం అదే.

నాగర్‌కర్నూల్_విద్యార్థిని:

సార్, నమస్కారం. నేను డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. 169.254 చిరునామా ఏ సర్వరు ఇస్తుంది? ఆ వరుసకు మూడవ సర్వరు ఉన్నట్లా?

సూర్యాపేట_కేబుల్:

ఏ సర్వరూ ఇవ్వదమ్మా. డిస్కవర్ పంపి పంపి ఎక్కడి నుండీ జవాబు రానప్పుడు, కంప్యూటరు 169.254.0.0/16 అనే విభాగంలో నుండి తనంతట తానే ఒక చిరునామాను ఎంచుకుంటుంది. ముందు ఆ చిరునామాను వేరెవరైనా వాడుతున్నారేమో అడిగి చూసి, ఎవరూ పలకకపోతే తనదిగా పెట్టుకుంటుంది. అందుకే ఆ వరుసలోని కంప్యూటర్లు తమలో తాము మాట్లాడుకోగలుగుతున్నాయి. ఈ చిరునామాలను ఏ రూటరూ తన పరిధి దాటించదు కనుక ఇంటర్నెట్ రాదు.

కేబుళ్లు వేసే పనిలో ఉన్నవాడిగా ఇందులో నాకు కనిపిస్తున్నది వేరే విషయం. ల్యాబ్‌లో ఇప్పుడు చిరునామాలు ఇచ్చేవి రెండు ఉన్నాయి. ఆ వరుసకు రెండింటిలో ఒక్కటి కూడా వినబడలేదంటే, అది డీహెచ్‌సీపీ తగవు కాదు, ఆ వరుసే మిగతా నెట్‌వర్క్ నుండి తెగిపోయింది. చేత్తో చిరునామాలు వ్రాసినా ఆ వరుస పనిచేయదని పాలమూరు గారు అన్నది అందుకే. ఆ వరుసకు విడిగా ఒక చిన్న స్విచ్, అంటే నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే పెట్టె, ఉండి ఉంటుంది. కంప్యూటర్ల వెనుక పచ్చ దీపాలు వెలుగుతూనే ఉంటాయి, కాని ఆ దీపం కంప్యూటరు నుండి చిన్న స్విచ్ వరకు ఉన్న తీగ గురించి మాత్రమే చెప్తుంది. చిన్న స్విచ్ నుండి పెద్ద స్విచ్‌కు వెళ్లే కేబులు రెండు చివరలా దీపం వెలుగుతున్నదో లేదో చూడండి. సెలవుల్లో మూసి ఉంచిన గదులలో ఎలుకలు కేబులు కొరకడం నేను చాలా చోట్ల చూశాను. మరొక మాట, ఈ రాగి కేబులు ఒక స్విచ్ నుండి మరొకదానికి 100 మీటర్లు దాటకూడదు. కొత్త భవనానికి లాగినప్పుడు చాలా మంది ఈ లెక్క మరిచిపోతారు.

ఇక రెండవ సర్వరును పట్టుకునే పద్ధతి. దాని చిరునామా 192.168.0.1 అనుకుందాం. 192.168.0 చిరునామా వచ్చిన ఒక కంప్యూటరు నుండి దానికి ఆగకుండా పింగ్ (ఉన్నావా అని అడిగి జవాబు చూసే ఆదేశం) నడపండి. ఒకరు తెర చూస్తూ ఉండగా, మరొకరు పెద్ద స్విచ్‌లో ఒక్కొక్క కేబులు తీసి మళ్లీ పెడుతూ పోవాలి. ఏ కేబులు తీసినప్పుడు పింగ్ ఆగిపోతుందో, ఆ పరికరం ఆ కేబులు చివర ఉంటుంది. పింగ్ నడిపే కంప్యూటరు కేబులును మాత్రం ముట్టుకోకండి. మీ స్విచ్‌కు సెట్టింగుల పేజీ ఉంటే ఇంత శ్రమ అక్కరలేదు. కంప్యూటరులోని ఏఆర్‌పీ పట్టికలో (ఏ ఐపీ చిరునామా ఏ పరికరానిదో చెప్పే పట్టిక) 192.168.0.1 ఎదురుగా 48 బిట్ల మ్యాక్ చిరునామా, అంటే ఆ పరికరం సొంత గుర్తింపు సంఖ్య, కనిపిస్తుంది. అది ఏ పోర్టు మీద వినబడుతున్నదో స్విచ్ తన పట్టికలో చూపుతుంది. మ్యాక్ చిరునామాలో మొదటి 24 బిట్లను బట్టి తయారీదారు పేరు కూడా తెలుసుకోవచ్చును.

దేవరకొండ_ల్యాబ్:

సూర్యాపేట గారు చెప్పినట్లే చేశాము. డీహెచ్‌సీపీ సర్వర్ వరుసలో 192.168.0.1 అని కనిపించింది. పింగ్ నడుపుతూ కేబుళ్లు తీస్తూ పోగా, పక్క స్టాఫ్ రూముకు వెళ్లే కేబులు తీసిన వెంటనే జవాబులు ఆగిపోయాయి. అక్కడ ఫోన్లకు వైఫై కోసం ఎవరో పాత రూటరు ఒకటి తెచ్చి, మా కేబులును దాని ల్యాన్ పోర్టులో, అంటే లోపలి నెట్‌వర్క్ వైపు రంధ్రంలో, పెట్టారు. దానికి ఇంటర్నెట్ వైపు ఏ కేబులూ లేదు. దానిని తీసివేయగానే 192.168.0 చిరునామాలు రావడం ఆగిపోయింది. చివరి వరుస స్విచ్ కేబులు గోడ మూలలో కొరికి ఉన్నది. కొత్తది వేయించాము, ఆ వరుస కూడా వచ్చింది.

స్టాఫ్ రూములో వైఫై నిజంగానే అవసరం. ఆ రూటరును మళ్లీ ఎలా పెట్టవచ్చునో చెప్పగలరా?

పాలమూరు_రూటర్:

పెట్టవచ్చును. దానిని ముందు విడిగా ఒక కంప్యూటరుకు కలిపి, దానిలోని డీహెచ్‌సీపీని ఆపివేయండి. దాని సొంత చిరునామాను 192.168.1.2 చేయండి. 192.168.1.2 మీ పెద్ద రూటరు పంచే చిరునామాల్లో లేకుండా చూసుకోండి. ఆ తరువాత కేబులును ల్యాన్ పోర్టులోనే పెట్టండి. అప్పుడు అది వైఫైని మాత్రమే అందిస్తుంది, ఫోన్లకు చిరునామాలు పెద్ద రూటరే ఇస్తుంది. ఫోన్లు చేరుతాయి కనుక పంచే చిరునామాల సంఖ్య సరిపోతుందో లేదో చూసుకోండి. 50 మాత్రమే ఉంటే, 40 కంప్యూటర్ల పైన పదకొండవ ఫోను వచ్చేసరికి అయిపోతాయి. అప్పుడు మళ్లీ 169.254 కనిపిస్తుంది, ఈసారి కేబులు మీద అనుమానం పెట్టుకుని ప్రయోజనం ఉండదు.

మీ స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే సౌకర్యం ఉంటే దానిని తప్పక వాడండి. ఆఫర్లు ఏ పోర్టు నుండి రావచ్చునో మీరు స్విచ్‌కు చెప్తారు. వేరే పోర్టు నుండి ఆఫర్ వస్తే స్విచ్ దానిని అక్కడే పడవేస్తుంది.

నాగర్‌కర్నూల్_విద్యార్థిని:

సార్, ఒక సందేహం. 192.168.0.25 ఉన్న కంప్యూటరూ, 192.168.1.1 ఉన్న రూటరూ ఒకే స్విచ్‌కు కలిసి ఉన్నప్పుడు అవి నేరుగా ఎందుకు మాట్లాడుకోలేకపోయాయి? తీగ ఉన్నది కదా.

సూర్యాపేట_కేబుల్:

పిన్‌కోడ్‌తో పోల్చి చూడమ్మా. నల్లగొండ పిన్‌కోడ్ 508001, మహబూబ్‌నగర్‌ది 509001. ఉత్తరాలు వేరు చేసేవారు ముందు మొదటి మూడు అంకెలు చూస్తారు. 508 అయితే ఇటు, 509 అయితే అటు. చివరి మూడు అంకెల అవసరం ఆ ప్రాంతం చేరిన తరువాతే వస్తుంది. ఐపీ చిరునామాలో కూడా ముందు భాగం నెట్‌వర్క్‌ను, వెనుక భాగం అందులోని ఒక్క కంప్యూటరును చెప్తాయి.

వనపర్తి_గణితం:

పోలిక మొదటి మెట్టుకు బాగుంది గాని, విద్యార్థులు అక్కడే ఆగిపోతే పరీక్షలోనూ, పనిలోనూ చిక్కుపడతారు. పిన్‌కోడ్‌లో విభజన ఎప్పుడూ అంకెల మధ్యే జరుగుతుంది. ఐపీలో విభజన 32 బిట్లలో ఏ బిట్ దగ్గరైనా జరగవచ్చును. ఎక్కడ జరిగిందో చెప్పేది సబ్‌నెట్ మాస్క్. పూర్వం ఏ, బీ, సీ అనే తరగతులు ఉండి, విభజన 8, 16, 24 బిట్ల దగ్గర మాత్రమే ఉండేది. 1993లో సీఐడీఆర్ పద్ధతి వచ్చిన తరువాత రూటర్లు ఆ తరగతులను చూడడం మానివేశాయి. మన పాఠ్యపుస్తకాలు మాత్రం ఇప్పటికీ ఏ, బీ, సీలతోనే మొదలుపెట్టి, విద్యార్థి మనసులో ఒక చెరిగిపోని అపోహను నాటుతున్నాయి.

ఒక లెక్క చేసి చూపిస్తాను. చిరునామా 192.168.1.70/26 అనుకుందాం. 26 బిట్లు నెట్‌వర్క్‌కు పోతే, కంప్యూటర్లకు మిగిలేవి 6 బిట్లు, అంటే 64 చిరునామాలు. చివరి అంకెను 64 చొప్పున విడగొడితే 0, 64, 128, 192 దగ్గర కొత్త నెట్‌వర్క్‌లు మొదలవుతాయి. 70 అనేది 64, 127 మధ్య పడుతుంది. 64 నెట్‌వర్క్ పేరు, 127 బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ ఒకేసారి పంపే చిరునామా. కంప్యూటర్లకు ఇవ్వదగినవి 65 నుండి 126 వరకు 62. ఇప్పుడు 192.168.1.70, 192.168.1.130 రెండూ పైకి ఒకే చోటివిగా కనిపించినా, ఈ మాస్క్‌తో అవి వేర్వేరు నెట్‌వర్క్‌లు. పిన్‌కోడ్ పోలికతో ఈ విషయం ఎప్పటికీ అర్థం కాదు.

విద్యార్థిని ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉన్నది. పంపే కంప్యూటరు తన చిరునామాకు, పంపవలసిన చిరునామాకు తన మాస్క్‌ను తొడిగి చూస్తుంది. నెట్‌వర్క్ భాగాలు సమానమైతే, ఆ చిరునామా ఎవరిదని ఏఆర్‌పీ ద్వారా నేరుగా అడిగి, మ్యాక్ చిరునామా తెలుసుకుని పంపుతుంది. సమానం కాకపోతే గమ్యం గురించి అసలు అడగదు. తన గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకు దారి చూపే రూటరు) మ్యాక్ చిరునామాను అడిగి, ప్యాకెట్‌ను, అంటే పంపే సమాచారపు ముక్కను, దాని చేతికి ఇస్తుంది. 192.168.0.25 తన /24 మాస్క్ ప్రకారం 192.168.1.1 వేరే చోట ఉన్నదనుకుని, ప్యాకెట్‌ను 192.168.0.1కు, అంటే స్టాఫ్ రూములోని పాత రూటరుకు ఇచ్చింది. దాని వెనుక దారి లేదు, ప్యాకెట్ అక్కడితో ముగిసిపోయింది.

పాలమూరు_రూటర్:

వనపర్తి గారు చెప్పినది అక్షరాలా నిజం. ఏఆర్‌పీ 1982 నాటి ప్రొటోకాల్. నలభై ఏళ్లు దాటినా ప్రతి ల్యాబ్‌లో ఇదే పద్ధతి నడుస్తున్నది. తీగ మీద పోయే ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్ ప్రోగ్రాము పెట్టి ఒక్కసారి ఈ అడగడం, పలకడం కళ్లారా చూస్తే, విద్యార్థికి ఏడు పొరల పట్టికను (నెట్‌వర్క్ పనిని ఏడు మెట్లుగా విడగొట్టి చూపే ఓఎస్ఐ నమూనా) బట్టీ పట్టవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది. ఆ పట్టికను 1984లో అంతర్జాతీయ ప్రమాణంగా ప్రకటించారు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ అయితే అంతకు ముందే, 1983 జనవరి 1న, నేటి ఇంటర్నెట్ వాడే టీసీపీ/ఐపీకి మారిపోయింది. పరీక్ష కోసం ఏడు పొరలూ నేర్చుకోండి. పనిలో మాత్రం లింక్, ఐపీ, టీసీపీ లేక యూడీపీ, ఆపైన అప్లికేషన్ అనే నాలుగింటితో ఆలోచించండి.

దేవరకొండ_ల్యాబ్:

ఇప్పుడు ఒక్క కంప్యూటరు మాత్రం మొండికేస్తున్నది. చిరునామా 192.168.1.118 సరిగానే వచ్చింది. గూగుల్‌వారి 8.8.8.8 సర్వరుకు పింగ్ చేస్తే జవాబులు వస్తున్నాయి. బ్రౌజరులో ఏ పేరు టైపు చేసినా తెరుచుకోదు.

గద్వాల_సర్వర్:

అంకెలతో వెళ్తే చేరుతున్నది, పేరుతో వెళ్తే చేరడం లేదంటే, చిరునామా, కేబులు, గేట్‌వే, ఇంటర్నెట్ లింకు అన్నీ బాగున్నట్లే. మిగిలింది డీఎన్ఎస్, అంటే వెబ్‌సైటు పేరుకు అంకెల చిరునామా వెతికి ఇచ్చే ఏర్పాటు. ఆ కంప్యూటరులో చిరునామా తనంతట వచ్చినా, డీఎన్ఎస్ సర్వరు మాత్రం ఎవరో ఎప్పుడో చేత్తో వ్రాసి ఉంచి ఉండవచ్చును. ఎన్ఎస్‌లుకప్ ఆదేశాన్ని నడిపి ఏ సర్వరును అడుగుతున్నదో చూడండి, తరువాత ఆ అడ్డును తీసి ఆటోమేటిక్‌గా పెట్టండి.

డీఎన్ఎస్ గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉన్నది, ఎందుకంటే ఇంటర్నెట్‌లో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే నిర్మాణం ఇది. తొలి రోజులలో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థ ఆ ఫైలును నిర్వహించేది, మిగతావారు అక్కడి నుండి దించుకునేవారు. కంప్యూటర్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆ పద్ధతి నిలువలేకపోయింది. 1983లో పాల్ మోకాపెట్రిస్ పేర్ల బాధ్యతను భాగాలుగా పంచే ఏర్పాటును రూపొందించారు. మన కంప్యూటరు అడిగే సర్వరు, జవాబు తన దగ్గర లేకపోతే, ముందు రూటు సర్వరును అడుగుతుంది. అది మొత్తం జవాబు చెప్పదు. ఆ పేరు చివరి భాగం బాధ్యత ఎవరిదో చెప్తుంది. వారు తరువాతి భాగం ఎవరిదో చెప్తారు. ఇలా దిగుతూ పోయి, చివరకు అసలు బాధ్యుడి నుండి చిరునామా తెచ్చి, దానితో పాటు వచ్చిన కాలపరిమితి ముగిసేవరకు దాచుకుంటుంది. రూటు సర్వర్ల పేర్లు 13 మాత్రమే. ఒక్కొక్క పేరు కింద ప్రపంచమంతటా అనేక యంత్రాలు ఉన్నాయి, అన్నీ కలిపి వెయ్యికి పైగా. అడిగిన వారికి దారిలో దగ్గరగా ఉన్నది జవాబు ఇస్తుంది.

తెలుగు లిపిలో .భారత్ అనే చివరతో కూడా పేర్లు ఉన్నాయి. డీఎన్ఎస్ లోపల మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో కూడిన ఒక సంకేతంగా మార్చి పంపుతారు. బ్రౌజరు మనకు తెలుగులో చూపుతుంది.

ఈ ప్రశ్నలు సాధారణంగా యూడీపీ మీద 53వ పోర్టుకు వెళ్తాయి. జవాబు పెద్దదై ఒక ప్యాకెట్‌లో పట్టకపోతే అదే పోర్టు మీద టీసీపీతో మళ్లీ అడుగుతారు. అందుకని 53వ పోర్టుకు యూడీపీ ఒక్కటే చాలునని టీసీపీని ఫైర్‌వాల్‌లో మూసివేయడం సరికాదు.

నాగర్‌కర్నూల్_విద్యార్థిని:

సార్, మా నోట్సులో టీసీపీ నమ్మదగినది, యూడీపీ నమ్మదగనిది అని ఉన్నది. నమ్మదగని దానిని డీఎన్ఎస్ వంటి ముఖ్యమైన పనికి ఎందుకు వాడుతున్నారు?

గద్వాల_సర్వర్:

నోట్సులోని వాక్యం తప్పు కాదు, కాని అసంపూర్ణం. యూడీపీ హెడరు 8 బైట్లు మాత్రమే: పంపిన పోర్టు, అందుకునే పోర్టు, పొడవు, సరిచూసే సంఖ్య. పోయినదానిని మళ్లీ పంపే బాధ్యత అది తీసుకోదు, ఆ బాధ్యతను అప్లికేషన్‌కు వదులుతుంది. డీఎన్ఎస్‌లో ప్రశ్న ఒక ప్యాకెట్, జవాబు ఒక ప్యాకెట్. జవాబు రాకపోతే మళ్లీ అడిగితే సరిపోతుంది. దానికోసం టీసీపీతో ముందుగా పరిచయం జరుపుకోవడం దండుగ.

టీసీపీలో ముందు సిన్, దానికి సిన్-అక్, దానికి అక్ అని మూడు ప్యాకెట్లు నడవాలి. ఈ ఖర్చు దూరాన్ని బట్టి పెరుగుతుంది. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నల్లగొండ నుండి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు కనుక, పోయి రావడానికి 1 మిల్లీసెకను చాలును. హైదరాబాదు నుండి న్యూయార్క్ తిన్నగా కొలిచినా సుమారు 13,000 కిలోమీటర్లు. గాజు తీగలో పోయి రావడానికి సుమారు 130 మిల్లీసెకన్ల కంటే తక్కువ పట్టడం ప్రకృతి రీత్యానే అసాధ్యం. ఎంత డబ్బు పోసి ఎంత వేగమైన కనెక్షన్ తీసుకున్నా ఈ ఆలస్యం తగ్గదు. టీసీపీ పరిచయానికి ఒకసారి, ఆపైన రహస్య సంకేతాలు కుదుర్చుకోవడానికి మరొకసారి పోయి వస్తే, పేజీలో ఒక్క అక్షరం అడగకముందే పావు సెకను గడిచిపోతుంది. అందుకనే 2021లో ప్రమాణమైన క్విక్ ప్రొటోకాల్ యూడీపీ మీద నిర్మితమై, ఈ రెండు పరిచయాలను ఒకటి చేసింది. దానిమీద నడిచే హెచ్‌టీటీపీ మూడవ రూపం ఎంతో నమ్మకంగా పనిచేస్తున్నది.

టీసీపీ గొప్పతనం మళ్లీ పంపడంలో మాత్రమే లేదు, ఎప్పుడు తగ్గాలో తెలుసుకోవడంలో ఉన్నది. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీకి మధ్య, కొన్ని వందల గజాల దూరంలో, సెకనుకు 32,000 బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. దారి రద్దీగా ఉండి ప్యాకెట్లు పోతే, ప్రతి యంత్రమూ వాటిని మళ్లీ మళ్లీ పంపి రద్దీని ఇంకా పెంచింది. వాన్ జాకబ్సన్ దీనిని పరిశీలించి, కొద్దిగా మొదలుపెట్టి జవాబులు అందేకొద్దీ పెంచడం, ప్యాకెట్ పోతే వెంటనే తగ్గించడం అనే పద్ధతులను 1988లో వివరించారు. ఈ అధ్యాయం సిలబస్‌లో ఒక పేరాతో ముగిసిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మిర్యాలగూడ_మిల్లు:

అయ్యా, నేను రైస్ మిల్లు నడుపుతాను. యాసంగి వడ్లు వచ్చే రోజులలో రాత్రి కూడా కాంటా నడుస్తుంది కనుక, ఇంటి నుండి కెమెరాలు చూడాలని ఉన్నది. కెమెరా రికార్డరుకు రూటరులో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుండి వచ్చినదానిని లోపలి పరికరానికి పంపే నియమం) పెట్టించాను, మిల్లు లోపల కెమెరాలు కనిపిస్తున్నాయి, బయటి నుండి మాత్రం రావడం లేదు. పెట్టిన అబ్బాయి అంతా సరిగా ఉన్నదంటున్నాడు.

పాలమూరు_రూటర్:

ఆ అబ్బాయి చెప్పినది నిజమే కావచ్చును. మీ రూటరు పేజీలో ఇంటర్నెట్ వైపు చిరునామా ఏమి చూపుతున్నదో చూడండి. అది 100.64 నుండి 100.127 లోపల మొదలైతే, మీకు ప్రపంచానికి కనిపించే సొంత చిరునామా లేదు. ఇంతవరకు చెప్పుకున్న 32 బిట్ల చిరునామాల పద్ధతి ఐపీవీ4లో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు. 2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిల్వలోని చివరి భాగాలను ఐదు ప్రాంతీయ సంస్థలకు పంచివేశారు. ఆసియా పసిఫిక్ సంస్థ ఆ ఏప్రిల్ నుండే తన చివరి భాగాన్ని పొదుపుగా ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటి నుండి చాలా ఇంటర్నెట్ సంస్థలు అనేక మంది ఖాతాదారులను ఒకే చిరునామా వెనుక పెడుతున్నాయి. ఆ పనికోసమే 2012లో 100.64.0.0/10 విభాగాన్ని కేటాయించారు. బయటి నుండి వచ్చిన ప్యాకెట్ ముందు సంస్థవారి యంత్రం దగ్గర ఆగుతుంది. అది మీ మిల్లుకా, పక్క మిల్లుకా అన్నది ఆ యంత్రానికి తెలియదు. మీ రూటరులో ఎన్ని నియమాలు వ్రాసినా ప్యాకెట్ అక్కడిదాకా రానే రాదు.

మీకు దారులు ఉన్నాయి. సంస్థను అడిగి, అదనపు రుసుముతో స్థిరమైన చిరునామా తీసుకోవచ్చును. లేదా మిల్లు నుండి బయటికి మొదలయ్యే వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా సాగే రహస్య దారి, పెట్టించుకోవచ్చును. లోపలి నుండి మొదలైన సంభాషణకు ఆ యంత్రం దారి ఇస్తుంది. మిల్లులోనూ, ఇంట్లోనూ కొత్త పద్ధతి ఐపీవీ6 ఉంటే, 128 బిట్ల చిరునామాలు కనుక ఇలా పంచుకోవలసిన అవసరమే ఉండదు, రూటరు ఫైర్‌వాల్‌లో అనుమతి ఇస్తే సరిపోతుంది.

మీరు ఏ దారి ఎంచుకున్నా, రికార్డరుతో వచ్చిన పాస్‌వర్డును ముందు మార్చండి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము, కంపెనీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల సంఖ్యలో లోబరచుకుని, అక్టోబరు 21న డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద దాడికి వాడింది. ఆరోజు పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. అందుకే నేనైతే పోర్ట్ ఫార్వర్డింగ్ కంటే వీపీఎన్‌నే కోరుకుంటాను.

దేవరకొండ_ల్యాబ్:

గద్వాల గారు ఊహించినట్లే ఆ కంప్యూటరులో పాత డీఎన్ఎస్ చిరునామా వ్రాసి ఉన్నది, తీసివేశాను. ఈలోగా మా ఇంటర్నెట్ కనెక్షన్‌ను పీపీపీఓఈ పద్ధతికి (రూటరు యూజర్ పేరు, పాస్‌వర్డుతో కలిసేది) మార్చారు. అప్పటి నుండి చాలా వెబ్‌సైట్లు బాగానే వస్తున్నాయి గాని, ఒకటి రెండు మాత్రం పేరు కనబడి, తెల్ల పేజీ దగ్గర ఆగిపోతున్నాయి. పింగ్ వెళ్తున్నది, డీఎన్ఎస్ జవాబు వస్తున్నది.

గద్వాల_సర్వర్:

ఇది ప్యాకెట్ పరిమాణానికి సంబంధించినది. ఈథర్నెట్‌లో ఒక ప్యాకెట్ గరిష్ఠంగా 1500 బైట్లు. పీపీపీఓఈ తన సొంత సమాచారానికి 8 బైట్లు తీసుకుంటుంది, మీకు మిగిలేది 1492. అవతలి సర్వరుకు ఈ సంగతి తెలియదు, 1500 బైట్ల ప్యాకెట్ పంపుతుంది. దారిలో పట్టనప్పుడు, ఇంత పెద్దది పోదు, తగ్గించుమని ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలను తెలిపే ప్రొటోకాల్) కబురు వెనక్కి వెళ్లాలి. కొందరు నిర్వాహకులు భద్రత పేరుతో ఐసీఎంపీ మొత్తాన్ని ఫైర్‌వాల్‌లో ఆపివేస్తారు. అప్పుడు కబురు చేరదు, సర్వరు అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది. పరిచయం ప్యాకెట్లు చిన్నవి కనుక పోతాయి, పేజీలోని అసలు సరుకు మాత్రం రాదు.

పరీక్షించడానికి, ముక్కలు చేయవద్దనే గుర్తుతో 1472 బైట్ల పింగ్ పంపండి. దానికి 8 బైట్ల ఐసీఎంపీ హెడరు, 20 బైట్ల ఐపీ హెడరు కలిస్తే 1500 అవుతుంది. అది పోకుండా, 1464 పోతే నా అనుమానం నిజం. రూటరులో ఇంటర్నెట్ వైపు ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492 ఉన్నదో లేదో చూసి, ఎంఎస్ఎస్ క్లాంపింగ్ ఆన్ చేయండి. అప్పుడు సిన్ ప్యాకెట్ దాటుతున్నప్పుడే రూటరు అందులోని గరిష్ఠ పరిమాణాన్ని 1452గా మారుస్తుంది, ఐపీకి 20, టీసీపీకి 20 పోగా మిగిలేది అంతే. అవతలి సర్వరు మొదటి నుండీ చిన్న ప్యాకెట్లే పంపుతుంది, ఏ ఐసీఎంపీ కబురుతోనూ పని ఉండదు.

దేవరకొండ_ల్యాబ్:

1464 పోయింది, 1465 పోలేదు. రూటరులో ఎంటీయూ 1492గానే ఉన్నది, క్లాంపింగ్ మాత్రం ఆఫ్‌లో ఉన్నది. ఆన్ చేసిన వెంటనే ఆ రెండు వెబ్‌సైట్లు పూర్తిగా తెరుచుకున్నాయి. స్టాఫ్ రూము రూటరును 192.168.1.2తో మళ్లీ పెట్టాము. రూటరు పంచే చిరునామాలను 192.168.1.50 నుండి 192.168.1.250 వరకు పెంచాను. మా స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉన్నది. రూటరు ఉన్న ఒక్క పోర్టు నుండి మాత్రమే ఆఫర్లు రావడానికి అనుమతి ఇచ్చాను.